తొట్టెల బిస్కెట్ల మీద అలల అంచు

తొట్టెల ఫంక్షన్‌కు ముందు రోజు మధ్యాహ్నం, బోధన్‌లోని మా ఇంటి ముందరి గదిలో ఉన్నవాళ్లు: అవ్వ, బాపు, అక్క, అక్క ఒళ్లో ఇరవై రోజుల పాప, కమ్మర్‌పల్లి నుంచి అందరికంటే ఒక రోజు ముందే వచ్చిన అక్క అత్తగారు, నేను. ఉన్న వస్తువులు: బేకరీ భట్టీలో కాల్పించి తెచ్చిన బిస్కెట్లు రెండు రేకు డబ్బాల నిండా, మిక్సీలో పట్టి పాత చీర ముక్కలో జల్లించిన చక్కెర పొడి, నిమ్మకాయలు, మూడు గిన్నెల్లో మూడు రంగులు, బటర్ పేపర్, బీడీ ఆకు కత్తిరించే కత్తెర, బీడీలకు కట్టే దారం, నేను తయారుచేసిన ఒక చెక్క పీట. అక్క అత్తగారు ఒంటరిగా ముందే ఎందుకు వచ్చారో మా నలుగురికీ తెలుసు. బిస్కెట్ల అంచు మీద అవ్వ వేసే అలల డిజైన్ నేర్చుకోవడానికి వచ్చారు. అది డిజైన్ కాదని ఆమెకు తెలియదు.

మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. అవ్వ పెళ్లయిన దగ్గర నుంచీ బీడీలు చుట్టింది. బాపు షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు బండ్లను తూచే కాటా దగ్గర సీజన్ పని చేశాడు. అది మూతపడ్డాక ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్‌గా ఉన్నాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి, నిజామాబాద్ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో తిరుగుతూ, బియ్యంలోంచి నల్ల గింజను రంగు చూసి ఏరేసే మిషన్లకు సర్వీసింగ్ చేస్తాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. మా వాడలో ఎవరికీ లేదు. శుభకార్యం వస్తే మైదా, చక్కెర, డాల్డా బేకరీకి పంపిస్తారు. పొద్దున బ్రెడ్ తీసేశాక వేడి కొంచెం తగ్గిన భట్టీలో వాళ్లు బిస్కెట్లు కాల్చి ఇస్తారు. చాలామంది పిండి కలపడం కూడా వాళ్లకే వదిలేస్తారు. అవ్వ ఆ పని వాళ్లకు వదలలేదు. బిస్కెట్లు పేర్చి కాల్చే బేకరీ నల్ల రేకులను ముందు రోజే అడిగి తెచ్చుకుని, ఇంట్లోనే పిండి కలిపి, బీడీల తునికాకు కోసే రేకు అచ్చుతో బిస్కెట్లు కోసేది. అందుకే మావి గుండ్రంగా ఉండేవి కావు, చిన్న పలకల్లా పొడవుగా ఉండేవి. బొమ్మ వేయడానికి చోటు ఎక్కువ.

బొమ్మలు వేయడం మొదలైంది నా పుట్టినరోజుకు. నేను కేక్ కావాలన్నాను. అవ్వ బేకరీకి పోయి, కేక్ మీద పేరు రాసే మనిషి చేతులను అద్దం ఇవతల నిలబడి చూసి, ఇంటికొచ్చి బటర్ పేపర్‌ను బీడీలాగే చుట్టింది. బీడీకి ఒక కొన సన్నం, ఒక కొన వెడల్పు. కోనుకూ అంతే. లోపల చక్కెర ముద్ద నింపి, వెనక కొసను బీడీ దారంతో కట్టేసింది. కేక్ రాలేదు గాని, బిస్కెట్ మీద ఒక చిలుక వచ్చింది. దాని ముక్కు ఎర్రగా, నా చిటికెన వేలి గోరంత ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ ఆ పలక బిస్కెట్లు ఉండాల్సిందే. పుట్టినరోజులకు చిలుకలు, అక్క ఓణీ ఫంక్షన్‌కు మామిడి పిందెలు, మేనమామ సెల్‌ఫోన్ షాపు ఓపెనింగ్‌కు సెల్‌ఫోన్లే. ఏ బొమ్మ వేసినా చుట్టూ ఒక తెల్లని అంచు ఉండేది. నాలుగు వైపులా తిరిగి వచ్చే ఆ గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో నేను వెతికేవాణ్ణి. దొరికేది కాదు.

అక్క నిశ్చితార్థానికి జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అక్క అత్తవారు పసుపు పండిస్తారు. వాళ్లను సంతోషపెడదామని అవ్వ వాళ్ల ఇంటి పసుపుతోనే పసుపుపచ్చ రంగు కలిపింది. ఆ రోజు పిండి ఎక్కువ కావడంతో వంటసోడా కూడా ఎక్కువ పడింది. బిస్కెట్‌కు తగిలిన చోటల్లా పచ్చ రంగు మెల్లగా ఎర్రబారింది. అవ్వ తట్ట మీద కొంగు కప్పేసింది. అక్క కాబోయే అత్తగారు (ఆమెను నేను అత్తమ్మ అంటాను) ఆ కొంగు తీసి చూసి, "పసుపు మీద కుంకుమ! ఎవరికన్న ఒస్తదా గీ ఉపాయం?" అని తట్టను తలకాయల మీదుగా అందరికీ చూపించింది. పసుపుకు సోడా తగిలితే ఎరుపెక్కుతుందని, నిమ్మరసం పడితే ఎక్కదని తర్వాత నేను అవ్వకు చెప్పాను. అప్పటి నుంచి చక్కెరలో నిమ్మరసం కలుపుతోంది. తప్పును శుభంగా చూసే మనుషులు దొరికారని మేమంతా ఆ రోజు సంతోషించాం.

తర్వాత అక్క కడుపుతో ఉన్నప్పుడు శ్రీమంతానికి అవ్వ బిస్కెట్లు చేసింది. ఆ సరికి ఆమె కుడి చేయి వణకడం మొదలై రెండేళ్లు కావస్తోంది. మేం నిజామాబాద్‌లో నరాల డాక్టర్‌కు చూపించి వచ్చాం కూడా. మాత్రలతో కొన్నాళ్లు అదుపులో ఉంటుంది, పోదు, మెల్లగా పెరుగుతుంది అని ఆయన చెప్పాడు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పాడు. శ్రీమంతం బిస్కెట్ల మీద బొమ్మలు ఎలాగో కుదిరాయి. తెల్లని అంచు మాత్రం నాలుగు వైపులా వణికింది.

అత్తమ్మ ఒక బిస్కెట్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"గీ అంచు చూసిండ్రా? చెర్ల నీళ్లకు గాలి కొట్టినట్టు! మిషన్‌తోని గూడ రాదు గిది."

"కొత్త డిజైన్ అత్తమ్మా," అంది అక్క, అవ్వ నోరు తెరవకముందే. "అవ్వ ఫోన్ల చూసి నేర్సుకున్నది."

అక్క ఆ మాట ఊరికే అనలేదు. మొదటి కాన్పు పుట్టింట్లో, ఐదో నెల దాకా తల్లీబిడ్డలు పుట్టింట్లోనే ఉండడం మా ఆనవాయితీ. కానీ అక్క అత్తవారింట్లో అప్పటికే ఒక మాట నలుగుతోంది. ఇక్కడ చూసుకోవడానికి నలుగురు ఆడవాళ్లున్నారు, అక్కడ మీ అవ్వ ఒక్కతే, తొట్టెల కాగానే తీసుకొచ్చేస్తాం అని. అవ్వ గట్టిగా ఉంది కదా అనే ఒక్క మాటతో బావ దాన్ని ఆపుతున్నాడు. వణుకు సంగతి తెలిస్తే ఆ ఒక్క మాట కూడా ఉండదు. అవ్వకు ఆ ఐదు నెలలు కావాలి. ఇంకేమీ అడగలేదు. పాపకు సాంబ్రాణి పొగ వేయాలని, మెడ నిలిపేదాకా ఒళ్లో పెట్టుకోవాలని అనేది. మనవరాలు పుట్టకముందే తొట్టెకు కొత్త తాడు పేనించింది.

కనుక అలల అంచు డిజైనే అని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాం. ఇబ్బంది ఏమిటంటే, ఆ మాట కమ్మర్‌పల్లి అంతా పాకింది. తొట్టెలకు అదే అంచు కావాలని, అది ఎలా వేస్తారో తాను కళ్లారా చూడాలని అత్తమ్మ కబురు పంపింది.

నేను నాకు తెలిసిన పద్ధతిలో పని మొదలుపెట్టాను. మణికట్టు ఆన్చుకోవడానికి చెక్క పీట చేశాను. దానికి పక్కన, పాత బేరింగ్ మీద తిరిగే పళ్లెం బిగించాను. చేయి కదపకుండా బిస్కెట్‌నే తిప్పవచ్చు. కోను చుట్టూ బరువైన నట్టులు తొడిగాను, ఎందుకంటే బరువు చేతిలో ఉంటే వణుకు కొంత అణుగుతుందని చదివాను. పాత ఎక్స్‌రే ఫిల్మును కడిగి తొట్టె ఆకారం కోసి అచ్చు తయారుచేశాను. అచ్చు బాగానే పడేది, కాని దాన్ని పైకి తీసేటప్పుడు చేయి వణికి మొత్తం అలికిపోయేది. నట్టుల బరువుకు అవ్వ భుజం నొప్పి పెట్టింది. పళ్లెం ఒక్కటే పనికొచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైనది మాత్ర వేళ. మాత్ర వేసుకున్న కాసేపటికి చేయి నిలకడకు వచ్చేది. ఆ వేళలో అవ్వ తిన్నని గీతలే గీయగలదు. అంటే ఆ వేళలో అలలను కావాలని కూడా వేయగలదు. ఎగుడు, దిగుడు, ఎగుడు, దిగుడు. స్టీలు పళ్లెం మీద చాలాసార్లు వేయించి చూశాను. సరిగ్గా వచ్చాయి. నిజం వణుకుతో వచ్చిన అల కంటే ఇవి చక్కగా ఉన్నాయి. "చూసినవా, నా చెయ్యి నా మాటినుకుంటున్నది," అంది అవ్వ. అక్క పాపను భుజాన వేసుకుని వచ్చి చూసి, "ఇగ ఫికర్ లేదు తమ్మీ," అంది. అత్తమ్మ పదకొండింటి బస్సుకు దిగుతుంది, మాత్ర పదిన్నరకు వేయాలి అని నిర్ణయించాం.

మాత్ర అనుకున్నట్టే వేశాం. అత్తమ్మ అనుకున్నట్టు రాలేదు. ఆర్మూర్‌కు వచ్చే షేర్ ఆటో నిండక ఆగిందట, నిజామాబాద్ బస్టాండ్‌లో ఇంకో బస్సు పోయిందట. వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కాళ్లు కడుక్కుంది, పాపను ఎత్తుకుంది, పాప ముక్కు తమ వంశందేనని తేల్చింది, అన్నం తింది. అవ్వ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. మాత్ర పని అయిపోయిందని నాకు తెలిసింది. రెండో మాత్ర అత్తమ్మ ముందు వేయలేం. వేసినా వెంటనే పని చేయదు.

"జెరసేపు ఒరుగు వదినా, ఎండకొచ్చినవ్," అంది అవ్వ.

"ఒరిగితే నాకు అల ఒస్తదా?" అంది అత్తమ్మ. "మా మరిది బిడ్డ లగ్గమున్నది. నేనే ఏస్తనని చెప్పిన. పేపర్ చుట్టు."

"ముందు ఛాయ్ తాగు చెల్లె," అన్నాడు బాపు.

"అన్నా, ఒచ్చిన కాణ్ణుంచి మూడు ఛాయ్‌లు వోసినవ్. నువ్వు నన్ను డిజైన్ నేర్సుకోనిస్తవా, ఛాయ్‌ల ముంచుతవా?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే అవ్వ పీట ముందుకు జరిగింది. కోను నేను చుట్టి ఇచ్చాను. "ఏం అల్లుడా, ఇంజనీరువై బీడీలు చుట్టవడితివి," అంది అత్తమ్మ. ఆమె మొహం పీటకు అంత దగ్గరగా ఉంది కనుక అవ్వ చేతికి నేను అడ్డం రాలేకపోయాను.

మొదటి బిస్కెట్లు వణుకు బయటపడకుండా గడిచాయి. తొట్టెకు రెండు నిలువు గీతలు, కింద ఒక వంపు. చుట్టూ అంచు. పళ్లెం తిరుగుతుంటే అలలు వాటంతటవే వచ్చాయి. అత్తమ్మ ఒక్కో బిస్కెట్‌నూ తీసి వరసగా పెట్టింది. తొమ్మిదో దాని దగ్గర చేయి ఒక్కసారిగా ఎగిరింది. తెల్లని చక్కెర తొట్టె మీదికి పాకింది.

"అగో, గిక్కడ పెద్ద అల లేసింది! ఎట్ల దీసినవ్ గది?"

"గట్లనే ఒస్తది వదినా."

"ఒస్తదంటే? మల్ల తియ్యి, మెల్లగ."

అవ్వ మళ్లీ తీయలేకపోయింది. కోను బిస్కెట్‌కు తగలకుండా గాలిలోనే ఆడింది. చక్కెర పీట మీద, అవ్వ మోకాలి మీద చుక్కలుగా పడింది. అత్తమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. "ఆగు, నీ చెయ్యి మీద నా చెయ్యివెడ్త, పోరగాండ్లకు ఓనమాలు దిద్దిపిచ్చినట్టు దిద్దిపియ్యి," అని తన అరచేతిని అవ్వ చేతి మీద వేసింది.

మిల్లులో బేరింగ్ పోయిందో లేదో తెలుసుకోవడానికి నేను తిరుగుతున్న మిషన్ మీద చేయి పెట్టి కాసేపు ఉంచుతాను. కంటికి కనిపించనిది చేతికి తెలుస్తుంది. అత్తమ్మ అలాగే చేయి ఉంచింది. ఆమె నవ్వు ఆగిపోయింది. పళ్లెం ఒక్కటే మెల్లగా తిరిగి తిరిగి నిలిచింది.

"వదినా, గిదెన్ని దినాల సంది?"

"ఎండకు అత్తమ్మా, పొద్దున్నుంచి తిననే లేదు..." అంటోంది అక్క.

"నువ్వుండు బిడ్డా. వదినా, నిన్ను అడుగుతున్న."

"రెండేండ్లాయె," అంది అవ్వ.

అత్తమ్మ కోపం చేసుకోలేదు. కోప్పడితే మేం ఏదో ఒకటి అనగలిగేవాళ్లం. ఆమె అవ్వ వేళ్లలోంచి కోను తీసి గిన్నెలో పెట్టింది. వేళ్లకంటిన చక్కెరను తన కొంగుతోనే తుడిచింది. "జెప్పొద్దా? నన్ను పరాయిదాన్ని జేస్తిరి," అంది. తర్వాత తనే రెండు బిస్కెట్ల మీద అంచు వేయడానికి చూసింది. చక్కెర ముద్దగా పడింది. గోటితో గీకేసి, "సాదగనే పంచుదాం. బిస్కెట్ బిస్కెటే," అని డబ్బా మూత పెట్టేసింది.

సాయంత్రం నేను నల్లా దగ్గర గిన్నెలు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"అల్లుడా, నువ్వు సదువుకున్నోనివి. నిజం జెప్పు. గిది పిల్లకు ఒస్తదా?"

"చానమట్టుకు రాదు అత్తమ్మా. డాక్టర్ అట్లనే చెప్పిండు."

"చానమట్టుకంటే?"

డాక్టర్ చెప్పింది అంతే. దాని కంటే ఎక్కువ నా దగ్గర లేదు. ఇంకో గిన్నె నల్లా కింద పెట్టాను. ఆమె తల ఊపి లోపలికి పోయింది. కాసేపటికి కమ్మర్‌పల్లికి ఫోన్ చేసి, రేపు వచ్చే జీపులో ఇద్దరికి చోటు ఎక్కువ ఉంచమని చెప్పడం నాకు వినిపించింది. ఆమె గొంతు తగ్గించలేదు.

మర్నాడు తొట్టెల. కమ్మర్‌పల్లి వాళ్లు, మా వాడ వాళ్లు వచ్చారు. బావను అక్క గోడ పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడింది. అతను నేల చూస్తూ విన్నాడు. పాపను అమ్మమ్మ తొట్టెలో వేయాలి. అవ్వ కొత్త చీర కట్టుకుని, పొద్దున మాత్ర వేసుకుని, చేతులు రెండూ చాచి నిలబడింది. ఆ వేళకు చేతులు నిలకడగానే ఉన్నాయి. నేను చూశాను.

"నువ్వు పాట పాడు వదినా, నీ గొంతు మంచిగుంటది," అంది అత్తమ్మ. "పిల్లను నేనేస్త. జారితే మనకే మాటొస్తది."

అందులో తప్పు పట్టడానికి ఏముంది? అవ్వ చేతులు దించి పాట ఎత్తుకుంది. రెండో చరణం నుంచి మిగతా ఆడవాళ్లు అందుకుని ముగించారు. పేరు పెట్టారు. భోజనాలయ్యాయి. సాదా బిస్కెట్లను నేను పళ్లెంలో తిప్పాను. మా వాడ వాళ్లు ఒక్కొక్కటి తీసుకుని, తిరగేసి చూసి, "బొమ్మలేవి ఈసారి?" అన్నారు. "తీరలే," అన్నాడు బాపు ప్రతివాళ్లకూ.

పొద్దు గుంకకముందే జీపు బయలుదేరింది. అక్క ముందు ఎక్కనంది. ఏడ్చింది. "వారం పది దినాలు, అవ్వ మంచిగైనంక మల్ల తోలిస్తం," అన్నాడు బావ. అవ్వ మంచిగ్గాదని అతనికీ తెలుసు, జీపు చుట్టూ నిలబడ్డ అందరికీ తెలుసు. అవ్వే అక్క వీపు మీద చేయి వేసి ఎక్కించింది. పాపకు చలిగాలి తగలకుండా చెవులు కప్పమంది. సాంబ్రాణి పొట్లం జీపు కిటికీలోంచి అందించింది. అత్తమ్మ తాను వరసగా పేర్చి పెట్టిన అలల బిస్కెట్లను న్యూస్ పేపర్లో చుట్టి తన సంచిలో పెట్టుకుంది.

అక్క ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పొద్దున వచ్చి సాయంత్రం పోయింది. అవ్వ మాత్రల మోతాదు పెరిగింది. పీట పనికొచ్చేలా ఏమైనా మార్చవచ్చా అని నేను కొన్నాళ్లు ఆలోచించాను. మార్చడానికేమీ లేదు. బేరింగ్ బాగానే ఉంది.

ఆ సాయంత్రం జీపు పోయాక బాపు కుర్చీలు లెక్కపెట్టి టెంట్ హౌస్ వాళ్లకు అప్పగించాడు. అవ్వ గడప మీద కూర్చుంది. కుడి చేతిని మోకాలి కింద పెట్టుకుంది.

"ఎన్ని మిగిలినయ్ కొడుకా?"

"ఏంటివి?"

"బిస్కెట్లు. ఇంటింటికి నువ్వే ఇచ్చి రా. నాతోని గాదు."

డబ్బాలు రెండూ చాప మీద బోర్లించి, పదేసి వరసలుగా పేర్చి లెక్కపెట్టాను. అన్నీ సాదావే. ఎనభై ఆరు.